పక్కింటావిడ ముసలి మేక

మా ఆవిడ డాక్టరు. చదువు అయ్యాక అమెరికాలో ఉండాలంటే డాక్టర్లు ఎవరూ రాని చోట మూడేళ్లు పని చెయ్యాలన్నది ఆమె వీసాకున్న షరతు. ఎవరూ రాని చోటు ఎలా ఉంటుందో అప్పటిదాకా మేమున్న ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్‌లో కూర్చుని ఊహించుకోవడం కష్టం. కొలరాడో కొండల్లో బాగా ఎత్తున, ఒక చిన్న ఆసుపత్రి, ఒక పెట్రోలు బంకు, ఒక కిరాణా కొట్టు, రెండు చర్చిలు ఉన్న ఊరు మాకు దక్కింది. కరివేపాకు దొరకదంటే సర్దుకుపోవచ్చు. అక్కడ సగం ఏడాది నేల కూడా కనపడేది కాదు.

నాది డిపెండెంట్ వీసా. ఆ రోజుల్లో ఆ వీసా మీద ఉన్నవాళ్లు ఉద్యోగం చెయ్యకూడదు. గుంటూరులో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పినవాణ్ణి, ఇక్కడ పొద్దున్నే వాకిట్లో మంచు తవ్వి, ఆమెను ఆసుపత్రిలో దింపి, తిరిగొచ్చి పప్పు కుక్కర్లో పెట్టేవాణ్ణి. నా మొహం ఎప్పుడు చూసినా ముటముటలాడుతూ ఉండేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. అబద్ధమేమీ కాదు.

పక్కింట్లో డెబ్బై దాటిన ఒక అమెరికన్ ఆవిడ ఒంటరిగా ఉండేది. బాగా పొడుగు మనిషి, మాట పొదుపు. ఇంటి వెనక షెడ్డులో నాలుగు మేకలుండేవి. మేం వచ్చిన రెండో ఏడాది, మంచు మొదలయ్యే రోజుల్లో మా తలుపు తట్టింది. తుంటి కీలు మార్పించుకోవడానికి డెన్వర్ వెళ్తోందట. చలికాలమంతా అక్కడే కూతురి దగ్గర ఉంటుందట. మేకల్ని చూసుకోగలవా అని అడిగింది. నన్నే ఎందుకని అడిగితే, "ఈ వీధిలో పగలు ఇంటి దగ్గరుండే మగాడివి నువ్వొక్కడివే" అంది. ఒళ్లు మండింది. కానీ ఆవిడ అన్నదాంట్లో తప్పు వెతకడానికేమీ లేదు. సరేనన్నాను.

షెడ్డులోకి తీసుకెళ్లి పని చూపించింది. నీళ్లు గడ్డకట్టకుండా కరెంటుతో వెచ్చగా ఉండే బకెట్ ఒకటి ఉంది. దాని వైరు ఊడిందేమో రోజూ చూసుకోవాలి. గడ్డి రెండు రకాలు, పచ్చగా ఉన్నది తినడానికి, పసుప్పచ్చగా ఉన్నది కింద పరవడానికి. "కింద ఉన్నది ఏదీ తియ్యకు. మురికైతే పైన ఇంకో పొర వెయ్యి. మళ్లీ మురికైతే మళ్లీ వెయ్యి. మే నెలలో నేనే తీయిస్తాను" అంది. ఎందుకని నేనడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఆ నాలుగింటిలో ఒకటి ముసలిది. గోధుమరంగు ఒళ్లు, తెల్లటి గడ్డం, ఒక చెవి చివర కొంచెం తెగి ఉండేది. ఆవిడ భర్త తను పోయే ఏడాది దాన్ని పసిపిల్లగా చేతుల్లో ఎత్తుకుని ఇంటికి తెచ్చాడట. "మిగతావాటిలో ఏదన్నా పోతే పోతుంది. చలికాలంలో జరిగేదే. దీన్ని మాత్రం నేను తిరిగొచ్చి మళ్లీ చూడాలి" అని చెప్పి, దాని తల మీద ఒకసారి చెయ్యి వేసి, కర్ర పట్టుకుని కుంటుకుంటూ ఇంట్లోకి వెళ్లిపోయింది.

డిసెంబరులో మా అత్తగారు వచ్చారు. కృష్ణా జిల్లా మనిషి, పెళ్లయిన నాటి నుంచీ గేదెల మధ్యే బతికారు. మామగారు పోయాక వాటిని అమ్మేశారు. అల్లుడి ఎదట కూర్చోకూడదు, నేరుగా మాట్లాడకూడదు అన్న పద్ధతి ఆవిడది. నేను హాల్లోకొస్తే లేచి నిలబడేవారు. నేను అక్కడే ఉండగా, "అల్లుడుగారు కాఫీ తాగుతారేమో కనుక్కో" అని కూతురితో చెప్పేవారు. కూతురు ఆసుపత్రికి వెళ్లాక ఇంట్లో మిగిలేది మేమిద్దరం. నేను హాల్లో, ఆవిడ గదిలో. ఆ నిశ్శబ్దంలో ఫ్రిజ్ మోత కూడా నాకు చిరాకు తెప్పించేది.

ఒకరోజు పొద్దున నేను బూట్లు తొడుక్కుంటూ ఉంటే ఆవిడ శాలువా కప్పుకుని తలుపు దగ్గరికొచ్చి, ఎటో చూస్తూ, "మేకలున్నాయటగా" అన్నారు. రమ్మన్నాను. చీర మీద నా పాత కోటు, కాళ్లకి మా ఆవిడ బూట్లు, తల మీద ఉన్ని టోపీ. మనిషి ఎవరో తెలియకుండా తయారై బయల్దేరారు. "పాడి అంటే గేదె గానీ, మేకలేమిటి" అని దారంతా సణిగారు. షెడ్డులోకి వెళ్లగానే ముసలి మేక వచ్చి ఆవిడ కోటు అంచు నమిలింది. ఆవిడ దాని గడ్డం పట్టుకుని, "ఏమే ముసలమ్మా, నేనొచ్చింది మేత కావడానికా" అన్నారు. అమెరికా వచ్చాక ఆవిడ నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఆ తర్వాత రోజూ వచ్చేవారు. అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప.

"అల్లుడుగారూ, ఈ పెంట ఎప్పుడు తీస్తారు?"

"మే నెలలోనటండీ."

"మే నెలా!" ఆవిడ శాలువా అంచు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. "నోరున్న మనమైతే ఇలాంటి చోట పడుకుంటామా? నోరు లేని జీవాలు, పాపం, ఏమని అడుగుతాయి?"

"తియ్యొద్దని గట్టిగా చెప్పి వెళ్లిందండీ."

"కాలు బాలేని మనిషి, చేసుకోలేక అలా అని ఉంటుంది. మనకేం, కాళ్లూ చేతులూ ఆడుతున్నాయిగా."

పొద్దున్నే లేచి గొడ్లచావిడి ఊడ్చి, పేడ ఎత్తి గంపలో పోసి, ఆ తర్వాతే మొహం కడుక్కున్న మనిషి ఆవిడ. గొడ్డుని ప్రేమగా చూసుకోవడమంటే ముందు దాని కింద శుభ్రం చెయ్యడమని ఆవిడ లెక్క. మేక పెంటికలూ, గడ్డీ, ఉచ్చా కలిసి మోకాటి లోతు పేరుకున్న ఆ నేల మీద అడుగు పెట్టినప్పుడల్లా ఆవిడ మొహం చిట్లించేవారు. కొన్ని వారాలు ఓర్చుకున్నారు.

జనవరిలో ఒకరోజు మా ఆవిడని దింపి తిరిగొచ్చేసరికి షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. బయట మంచు మీద నల్లటి కుప్ప. అత్తగారు పార పట్టుకుని లోపల తవ్వుతున్నారు. "మీరెళ్లి కాఫీ తాగండి, నేను చూసుకుంటా" అన్నారు, ఆయాసపడుతూ. అత్తగారు పార పట్టి చాకిరీ చేస్తుంటే అల్లుడు చేతులు కట్టుకుని నిలబడకూడదు. ఆవిడ చేతిలోంచి పార లాక్కుని పని ఆపించడం ఒక దారి. లాక్కుని ఆ పని నేనే పూర్తి చెయ్యడం ఇంకో దారి. పెద్దవాళ్ల మాటకి ఎదురు చెప్పని ఇంట్లో పెరిగినవాడికి మొదటి దారి కనపడదు. మధ్యాహ్నానికి అడుగున మట్టినేల బయటపడింది.

ఆవిడ చీపురుతో మూలమూలలా ఊడ్చారు. కళ్లాపి చల్లబోతే మాత్రం ఆపాను. అంతమాత్రం బుర్ర నాకుంది. పైన కాస్త కొత్త గడ్డి పరిచి, నడుం మీద చెయ్యి వేసుకుని చుట్టూ చూసి, "ఇప్పుడు లక్ష్మీ కళ వచ్చింది" అన్నారు. మేకలు మాత్రం పడుకోలేదు. నాలుగూ గోడవారన నిలబడి మమ్మల్నే చూస్తూ ఉన్నాయి.

ఆ కొండల్లో మంచు పడే రోజున చలి పెద్దగా ఉండదు. పడడం ఆగి, ఆకాశం తేటపడ్డాక వస్తుంది అసలు చలి. ఆ మర్నాడు అదే వచ్చింది. ఊపిరి తీస్తే ముక్కులో వెంట్రుకలు బిగుసుకుపోయాయి. షెడ్డులో మూడు మేకలు ఒకదాన్నొకటి అంటుకుని ముద్దగా పడుకున్నాయి. ముసలిది వాటి మధ్యకి చొరలేక పక్కన మోకాళ్ల మీద కూర్చుని వణుకుతోంది. దాని చెవులు పట్టుకుంటే నా వేళ్లు జిల్లుమన్నాయి. అత్తగారు చేతి తొడుగు తీసి అరచెయ్యి నేలకి ఆనించి, వెంటనే తీసేశారు.

బయటికొచ్చారు. నిన్న మేం పోసిన కుప్ప మీద మంచుబిళ్ల కట్టింది గానీ, పగుళ్లలోంచి సన్నగా ఆవిరి లేస్తోంది. ఆవిడ దాంట్లోకి మణికట్టు దాకా చెయ్యి దూర్చి, అలాగే ఉంచారు.

"వెచ్చగా ఉందండీ" అన్నారు. "ధనుర్మాసంలో మా వీధి కుక్కలన్నీ మా పెంటకుప్ప మీదే పడుకునేవి. రోజూ కర్ర పుచ్చుకుని తోలేదాన్ని. వాటికి తెలిసింది నాకు తెలియలేదు" అన్నారు. పక్కింటావిడ ఎందుకు తియ్యొద్దందో అప్పుడు ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. మేం తవ్వి పారేసింది మురికి కాదు, ఆ మేకల కుంపటి.

ఆ కుప్పనంతా మళ్లీ లోపలికి మోశాం. పైభాగం రాయైపోయింది, గునపంతో పగలగొట్టాల్సి వచ్చింది. కానీ ఒకసారి కదిపిన పెంట చెప్పగానే వేడెక్కదు. నెలలుగా పొర మీద పొరగా ఊరిన వేడి అది. ఉన్న గడ్డి అంతా తెచ్చి మిగతా మూడింటికీ పొట్టల దాకా వేశాం. ముసలిదాన్ని మాత్రం ఇద్దరం చెరోవైపు పట్టుకుని మా ఇంటికి తెచ్చి, బట్టలుతికే మిషను ఉన్న గదిలో పెట్టాం. చెప్పులతో ఎవరైనా వంటింటి గడప దాటితే ఊరుకోని మనిషి, మేకని ఆ వంటింట్లోంచే నడిపించుకెళ్లారు.

సాయంత్రం మా ఆవిడ వచ్చి చూసి కెవ్వుమంది. "అమ్మా, ఇది లాండ్రీ రూమ్! నా హాస్పిటల్ బట్టలు ఇక్కడే వాష్ చేస్తాను!"

"కొన్నాళ్లు బకెట్లో ఉతుక్కో" అన్నారు ఆవిడ, మేక వీపు తుడుస్తూ.

కొండకి అవతలి ఊరి నుంచి పశువుల డాక్టరు వచ్చాడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నాడు. ఇంజెక్షన్ చేసి, మిగతావి ఎలా చెయ్యాలో నాకు చూపించాడు. "పెంట తీసినందుకేనా? అడగండి" అన్నారు అత్తగారు. అడిగాను. కావొచ్చు, కాకపోవచ్చు, వయసైపోయింది కదా, చెప్పలేనన్నాడు. అదే ఆవిడకి చెప్పాను.

"కావొచ్చన్నాడుగా. చాలు" అన్నారు.

పక్కింటావిడ ఆదివారం ఫోన్ చేసినప్పుడు జరిగినదంతా చెప్పేశాను. తింటోందా అని మాత్రం అడిగింది. మా అత్తగారి చేతిలోంచి తింటోందన్నాను. "మిగతాది నేనొచ్చాక మాట్లాడదాం" అని పెట్టేసింది. అప్పుడే నాలుగు తిట్లు తిట్టి ఉంటే బావుండేదనిపించింది.

మేక కొన్నాళ్లు అటూ ఇటూగా గడిపింది. అత్తగారు పగలంతా దాని పక్కన చాప వేసుకుని కూర్చునేవారు. దానితో చెప్పినన్ని మాటలు నాతో ఎన్నడూ చెప్పలేదు. నాతో ఏదన్నా పని పడితే, "ఏమే, అల్లుడుగారిని ఆ కిటికీ కాస్త మూయమను" అని దానితోనే అనేవారు. నేను మూసేవాణ్ణి. అలా మా ఇద్దరికీ మధ్య మాటలు నడిచాయి. నిజం చెప్పాలంటే, ఆ ఊళ్లో నేను విసుక్కోకుండా గడిపిన రోజులు అవే.

ఒక మధ్యాహ్నం నేను అన్నం వడ్డించుకుంటుంటే ఆవిడ గదిలోంచి, "పోయిందండీ" అన్నారు. మేక తల ఆవిడ ఒళ్లో ఉంది. ప్లేటు పక్కన పెట్టేశాను.

మా ఆవిడకి ఫోన్ చేస్తే, ఊరి చెత్తంతా పారేసే చోట చచ్చిన జంతువులకి వేరే గొయ్యి ఉంటుందని ఆసుపత్రిలో ఎవరినో అడిగి చెప్పింది. "ఇవాళే తీసుకెళ్లిపో, అమ్మ తట్టుకోలేదు" అంది. నేనూ అదే అనుకున్నాను. వాళ్లింట్లో గొడ్డు పోతే, దాన్ని వాకిలి దాటించేదాకా పొయ్యి వెలిగించేవాళ్లు కారని అత్తగారే ఒకప్పుడు చెప్పారు. కారు వెనక సీటు మడిచి, ప్లాస్టిక్ పట్టా పరుస్తుంటే ఆవిడ గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు.

"ఎక్కడికి?"

చెప్పాను.

"వద్దు. ఆవిడ చూడాలంది కదా."

"ప్రాణంతో చూడాలని ఆవిడ ఉద్దేశం, అత్తయ్యగారూ."

"మళ్లీ చూడాలి అంది. మీరు నాకు చెప్పింది అంతే."

"ఆవిడ రావడానికి ఇంకా నెల పైనే పడుతుందండీ. అన్నాళ్లు శవాన్ని ఎలా ఉంచుతాం?"

"ఈ చలికి ఇక్కడ ఏది కుళ్లి చచ్చింది గనక?" అన్నారు. మొదటిసారి నా మొహంలోకి చూసి మాట్లాడారు. "దాన్ని ఎలాగూ నేనే పంపించేశాను. కనీసం చూపు అయినా మిగల్చకపోతే ఆ మనిషికి నేను మొహం ఎలా చూపించేది?"

నేల ఇనుములా ఉంది, పాతిపెట్టడమన్నది ఎలాగూ వేసవి దాకా లేదు. పక్కింటావిడ కట్టెల షెడ్డుకి గట్టి గడియ ఉంది, నక్కలు దూరలేవు. అక్కడికి మోసుకెళ్లాం. నేల మీద పడుకోబెట్టబోతే అత్తగారు ఒప్పుకోలేదు. తుంటికి ఆపరేషన్ అయిన మనిషి వంగలేదు, పైన పెట్టాలన్నారు. నడుం ఎత్తున పేర్చిన కట్టెల మీదకి ఇద్దరం రొప్పుతూ ఎక్కించాం. తన నీలం నేతచీర ఒకటి తెచ్చి కప్పి, చుట్టూ మంచు కూరారు. ఆ పూట ఆవిడ అన్నం ముట్టలేదు. "పొయ్యి వెలిగిస్తే తప్పు గానీ, కరెంటు పొయ్యికి అదేం లేదులే అమ్మా" అని మా ఆవిడ ఎంత చెప్పినా వినలేదు.

ఫోన్‌లో పక్కింటావిడకి నేనే చెప్పాను. ఎక్కడుందని అడిగింది. మీ కట్టెల షెడ్డులో అన్నాను. "అక్కడే ఉండనివ్వు" అంది.

ఫిబ్రవరిలో అత్తగారి తిరుగు ప్రయాణం. టికెట్ వెనక్కి జరపమన్నారు. ఎందుకమ్మా అని కూతురు అడిగితే, "తిట్లు తినాల్సింది నేను. అవి అల్లుడుగారికి ఒప్పజెప్పి విమానం ఎక్కమంటావా?" అన్నారు. రోజూ మిగతా మేకలకి మేత వేసి వస్తూ కట్టెల షెడ్డు గడియ ఒకసారి లాగి చూసుకునేవారు. మేకల షెడ్డులో నేల మెల్లగా మళ్లీ వేడి పుంజుకుంది. దాని మీద ఆవిడ చీపురు వెయ్యలేదు.

మార్చి చివర్లో పక్కింటావిడ కూతురి కారులో వచ్చింది. నాలుగు కాళ్ల ఊతకర్ర మంచులో గుచ్చుకుంటూ, తన ఇంట్లోకి కూడా వెళ్లకుండా, నేరుగా మేకల షెడ్డుకి నడిచింది. ఊతంతో నేలని పొడిచి చూసింది.

"ఎంత తీశారు?"

"అంతా" అన్నాను.

"నేను చెప్పింది ఒకే ఒక్క మాట" అని మొదలుపెట్టింది. అంత పొదుపుగా మాట్లాడే మనిషి దగ్గర అన్ని మాటలున్నాయని అప్పటిదాకా నాకు తెలియదు. అత్తగారు చేతులు కట్టుకుని ఆవిడ ఎదురుగా నిలబడ్డారు.

"ఏమంటోంది?"

"తిడుతోందండీ. నేను చెప్తానుండండి, మీకు తెలియక..."

"మీరు మధ్యలోకి రాకండి. తిట్టనివ్వండి. నా గేదెకి ఎవరన్నా ఇలా చేస్తే నేను ఊరుకునేదాన్నా?"

పక్కింటావిడ ఆగాక, అత్తగారు ముందు నడిచి కట్టెల షెడ్డు గడియ తీశారు. మంచు చేత్తోనే తవ్వి తీశారు. చీర కొయ్యలా బిగుసుకుపోయింది. దాన్ని మెల్లగా వంచి పక్కకి తొలగించారు. మేక పోయిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. తెల్లటి గడ్డం మీద మంచు పొడి, తెగిన చెవి, సగం మూసిన కళ్లు.

పక్కింటావిడ చేతి తొడుగు పళ్లతో లాగేసి, వంగక్కర్లేకుండానే దాని మొహం మీద చెయ్యి వేసింది. గడ్డంలో మంచు వేళ్లతో దులిపింది. తర్వాత, మేకలు పెంచేవాళ్లకి అలవాటేమో, చెయ్యి మెడ మీదుగా వీపు పొడవునా జరిపింది. నడుం దగ్గర ఆపి, మళ్లీ వెనక్కి వచ్చి ఇంకోసారి తడిమింది. నా వైపు తిరిగి ఏదో అంది.

"ఏమందండీ?" అన్నారు అత్తగారు.

"ఏటా చలికాలంలో దీని వెన్నెముక చేతికి గుచ్చుకునేదట, పళ్లు పోయి మేత నమల్లేదట. ఈసారి ఎముక తగలడం లేదంటోంది. ఏం పెట్టారని అడుగుతోంది."

"నేనొచ్చినప్పట్నుంచీ దాణా వేణ్ణీళ్లలో నానబెట్టి, చేత్తో పిసికి ముద్దలు చేసి పెట్టానని చెప్పండి" అన్నారు. చెప్పడం అయ్యాక, అన్ని తిట్లకీ చెక్కుచెదరకుండా నిలబడిన మనిషి, ఆ కట్టెల మీద తల ఆనించి భోరున ఏడ్చారు.

పక్కింటావిడ ఓదార్చలేదు, కదల్లేదు. ఆవిడ ఏడుపు ఆగేదాకా ఊతం పట్టుకుని అక్కడే నిలబడి, ఆ తర్వాత చీరని మేక మీదకి తనే లాగి కప్పి, మిగతావాటికి కూడా ఆ ముద్దలు ఎలా చేస్తావో చూపించు, పద అంది.